గేరు మారని కారు

గద్వాలలో పొద్దున్నే బయలుదేరి, వనపర్తి, నాగర్‌కర్నూల్ దాటి, అచ్చంపేట మీదుగా శ్రీశైలం వెళ్తున్నారనుకోండి. మీరెక్కింది ఇరవై ఏళ్లు పైబడిన పాత కారు. దానికి క్లచ్ పెడల్ లేదు. గేర్లు తమంతట తామే మారతాయి. అచ్చంపేట దాకా ఏ చిక్కూ లేదు. మన్ననూరు వైపు నల్లమల చడావు మొదలైంది. మే నెల ఎండ. ఉన్నట్టుండి ఇంజను హోరుమంది, కారు మాత్రం నత్తనడక పట్టింది. "గేరుబాక్సు పోయింది, విప్పాల్సిందే" అంటారు చూసినవారు.

విప్పడం చిన్న పని కాదు. ఈ రకం గేరుబాక్సు తెలిసిన పనివారు ప్రతి ఊళ్లో దొరకరు. అయ్యే ఖర్చు ఒక్కోసారి పాత కారు ధరనే మించిపోతుంది. అప్పుడు అసలు రోగం చిన్నదే అయినా కారు తుక్కు కింద పోతుంది. వైద్యుడు ముందు నాడి చూస్తాడు గానీ కడుపు కోయడు కదా! గేరుబాక్సుకూ నాడి ఉంది. అది ఎక్కడుందో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

బరువుతో ఉన్న ఎడ్లబండి ఎత్తు ఎక్కలేకపోతే రైతు ఇంకో జత ఎడ్లను కడతాడు. కారుకు ఇంకో ఇంజను కట్టలేం. అందుకే గేర్లు. చిన్న పళ్లచక్రం పెద్ద పళ్లచక్రాన్ని తిప్పితే వేగం తగ్గి, తిప్పే బలం పెరుగుతుంది. ఈ తిప్పే బలాన్నే టార్క్ అంటారు. మొదటి గేరు నిష్పత్తి 2.8 అనుకుందాం. ఇంజను నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే, గేరుబాక్సు నుంచి బయటికి వచ్చే ఇరుసు 1,000 చుట్లే తిరుగుతుంది. కానీ ఘర్షణ నష్టం సంగతి పక్కన పెడితే, టార్క్ 2.8 రెట్లవుతుంది. ఊరికే వచ్చిందేమీ లేదు, వేగాన్నిచ్చి బలాన్ని కొన్నాం.

మన రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన అంబాసిడర్, ఫియట్ కార్లలో ఈ బేరం డ్రైవరే చేసేవాడు, ఎడమకాలితో క్లచ్ తొక్కి, చేత్తో గేరు మార్చి. అమెరికాలో 1939లో జనరల్ మోటార్స్ సంస్థ తన 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లకు హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు అమర్చింది. ఇక్కడొక హెచ్చరిక. క్లచ్ పెడల్ లేని కార్లన్నీ ఒకే జాతివి కావు. 2014లో వచ్చిన మారుతి సెలెరియో వంటి వాటిలో ఉండేది మామూలు గేరుబాక్సే; క్లచ్‌ను నొక్కి గేరు మార్చే పని మనిషికి బదులు ఒక యంత్రం చేస్తుంది. మనం చెప్పుకుంటున్నది వాటి గురించి కాదు, నూనెతో నడిచే పాత రకం గురించి.

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇవ్వండి. గాలి తగిలి రెండోది కూడా తిరగడం మొదలుపెడుతుంది. (ఊచల్లో వేలు పెట్టకండి!) గాలికి బదులు నూనె, ఫ్యాన్లకు బదులు ఒకే డబ్బాలో ఇమిడిన రెండు రెక్కల చక్రాలు ఉన్నాయనుకోండి. ఇంజను తిప్పేది పంపు, గేర్లను తిప్పేది టర్బైను. వాటి నడుమ నూనెను మళ్లించి టార్క్‌ను పెంచే మూడో చక్రం ఒకటుంటుంది. దీన్ని టార్క్ కన్వర్టర్ అంటారు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం ఆలోచించిన పద్ధతి ఇది. మీ కారు వెళ్తున్న దారిలోనే, ఈగలపెంట దగ్గర, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రాలు ఆరు. అవి టర్బైన్లుగా తిరిగి కరెంటు ఇస్తాయి, పంపులుగా తిరిగి నీటిని పైకి తోడగలవు. ఆ రెండు పనులూ ఒకేసారి, అరచేతుల మధ్య పట్టేంత దూరంలో, నూనెలో జరిగితే అదే టార్క్ కన్వర్టర్.

దాని వెనక పళ్లచక్రాలుంటాయి. నడుమ సూర్యచక్రం, చుట్టూ గ్రహచక్రాలు, వాటన్నిటినీ చుట్టి ఒక వలయం. వీటిలో ఒకదాన్ని కదలకుండా పట్టేస్తే ఒక గేరు, ఇంకోదాన్ని పట్టేస్తే ఇంకో గేరు. పట్టేది రాపిడి పలకలు, పట్టీలు. ఆ పలకల్ని నొక్కేదెవరు? మళ్లీ నూనే! శక్తిని మోసేదీ, పలకల్ని నొక్కేదీ, చల్లబరిచేదీ, అరగకుండా కాపాడేదీ ఒక్క నూనే. గేరుబాక్సు నాడి అదే.

సూది తీసేసిన పాత సిరంజిలో నీళ్లు నింపి, మూతిని వేలితో మూసి నొక్కండి. పిస్టన్ కదలదు. ఇప్పుడు సగం గాలి పెట్టి నొక్కండి. మెత్తగా లోపలికి పోతుంది. గేరుబాక్సులో నూనె తగ్గితే పంపు నూనెతోపాటు గాలినీ పీలుస్తుంది. అప్పుడు పీడనం చాలక పలకలు జారతాయి. జారితే వేడి, వేడికి నూనె మాడుతుంది, మాడిన నూనె ఇంకా జారనిస్తుంది. మన కారు చడావులో ఎందుకు మొరాయించిందో ఇప్పుడు ఊహించగలరా? ఒకటి, ఎక్కేటప్పుడు బరువు ఎక్కువ, గట్టి పట్టు కావాలి. రెండు, నూనె వేడెక్కి పలుచబడి, అరిగిన సీళ్ల సందుల్లోంచి జారుకుంటుంది. మూడు, కారు ఏటవాలుగా ఉంటే అడుగు పళ్లెంలోని కొద్దిపాటి నూనె ఒక పక్కకు ఒరిగి, పీల్చే చోట గాలి మిగులుతుంది. చదునైన దారిలో దాగిన రోగం నల్లమలలో బయటపడింది.

కాబట్టి మొదట చూడాల్సింది నూనె కొలత. చాలా మోడళ్లలో కారును చదునైన చోట, పి గుర్తులో, చేతి బ్రేకు వేసి, ఇంజను నడుస్తుండగా, నూనె వేడిగా ఉన్నప్పుడు కొలకడ్డీ తీసి చూడాలి. కొన్నిటికి ఇంజను ఆపి చూడాలి, కొన్నిటికి కొలకడ్డీయే ఉండదు. ఆ కారు పుస్తకం ఏం చెబితే అదే లెక్క. ఈ పని పెద్దవాళ్ల పక్కన ఉండి చూడండి, ఒంటరిగా చేయకండి.

రంగు కూడా మాట్లాడుతుంది. చాలా రకాల కొత్త నూనె ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వేస్తే పలకలు కాలాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటరు నీరు దానిలో కలుస్తోందని అనుమానించాలి. రంగు బాగుండి కొలత మాత్రం తగ్గితే ఎక్కడో కారుతోంది. అడుగు పళ్లెం అంచు, రేడియేటరుకు వెళ్లే గొట్టాలు, ఇరుసు సీళ్లు వెతకాలి. కారడం ఆపకుండా పోస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ఇంజను ఆయిల్ పోయకూడదు. ఎక్కువ పోయడమూ తప్పే. తిరిగే చక్రాలు మిగులు నూనెను చిలికి నురగ చేస్తాయి, నురగంటే మళ్లీ గాలే కదా.

నూనె సరిగ్గా ఉంటే? అప్పుడు "ఒక గేరులోనా, అన్నిటిలోనా?" అని అడగాలి. అన్ని గేర్లలో జారితే అన్నిటికీ ఉమ్మడి అయిన చోట, పంపు, జల్లెడ, కన్వర్టర్ దగ్గర చూడాలి. ఒక్క గేరులోనే అయితే ఆ గేరును పట్టే పలకలో, పట్టీలో, దానికి నూనె వదిలే కవాటంలో చూడాలి. ఏ మెకానిక్ అయినా ఈ ప్రశ్న అడగకుండా పానా పడితే నాకు నమ్మకం కలగదు.

గేరు ఆలస్యంగా మారడం మరో కథ. బాగా పాత కార్లలో రెండు పీడనాలు తాడులాగుడు ఆట ఆడతాయి. కారు వేగంతో పెరిగేది ఒకటి, యాక్సిలరేటరు తొక్కుడుతో పెరిగేది ఇంకొకటి. వేగం గెలిస్తే పై గేరు, కాలు గెలిస్తే కింది గేరు. కాలి కబురు మోసే తీగ బిగుసుకుపోతే కారు ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్నట్టే భ్రమపడి పై గేరుకు ఆలస్యంగా మారుతుంది. తీగ సర్దితే చాలు, గేరుబాక్సు నిక్షేపంగా ఉంటుంది! తర్వాతి కార్లలో ఈ తీర్పు కంప్యూటరుది. అక్కడ తీగ బదులు వైర్లు, కనెక్టర్లు చూస్తారు.

మన కారును ఇక నడపరాదని తేలిందనుకోండి. తాడు కట్టి ఈడ్చుకుపోదామా? వద్దు. నూనె పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగి ఉండగా చక్రాలు నేల మీద దొర్లితే లోపలి భాగాలు నూనె లేకుండా రాసుకుంటాయి. ముందు చక్రాలతో నడిచే కారైతే ముందు చక్రాలను, వెనక చక్రాలతో నడిచేదైతే వెనక చక్రాలను పైకెత్తి లాగాలి. అన్నిటికన్నా మంచిది, నాలుగు చక్రాలనూ లారీ మీదికి ఎక్కించడం.