పరపతి మార్కు హఠాత్తుగా తగ్గితే సభ్యుడు ఏమి చేయాలి?



నిన్న ఏడు ఉన్న వెన్న శాతం ఈ పూట ఐదున్నరకు దిగిందని సంఘ కార్యదర్శి చీటీ చేతికిస్తే, మనలో ఎవరూ ఆ సాయంత్రమే గేదెను సంతకు తోలరు. ముందు శాంపిలు సీసా మారిందేమో అడుగుతాం. పాలు బాగా కలిపి శాంపిలు తీశారో లేదో చూస్తాం. ఆ తరువాత ఇంటికి వెళ్ళి, చివరి చిక్కటి పాలు దూడకు వదిలామా, మేత మారిందా అని ఆలోచిస్తాం. కారణం తెలిసిన తరువాతనే మందు.

బ్యాంకుల వద్ద మనకు ఉన్న పరపతి మార్కు, అనగా క్రెడిట్ స్కోరు, పడిపోయినప్పుడు కూడా చేయవలసిన పని ఇదే. కాని అక్కడ మాత్రం మనవారు పరీక్ష మానివేసి మందుకు పరుగెత్తుతున్నారు. నేను కూడా ఒకసారి అలా పరుగెత్తి నాలిక కరుచుకున్నాను. ఆ సంగతి చెప్పిన తరువాత పాఠంలోకి వెళ్తాను.

అమీర్‌పేట ఫీజు

నా పరిధిలోని ఒక సంఘంలో పూటకు ఎనిమిది లీటర్లు పోసే సభ్యుడు ఒకరు ఉన్నారు. పంట అప్పు ఏటేటా గడువులోగా కట్టి తిరిగి వ్రాయించుకునే మనిషి. రెండు ముర్రా గేదెల కోసం బ్యాంకులో దరఖాస్తు పెట్టుకుంటే, నిరుడు 760 ఉన్న మార్కు 640కి పడిందని చెప్పి కాగితాలు వాపసు ఇచ్చారు. "సారూ, నేను ఎవ్వరికీ పైస బాకీ లేను" అని ఆయన నా వద్దకు వచ్చారు. ఆయన మాట నమ్మి, ఇది బ్యాంకు పొరపాటేనని నేను అక్కడికక్కడే ఒక ఉత్తరం వ్రాయించాను. నివేదిక తెప్పించి చూడకుండా ఉత్తరం వ్రాయించడం నా తప్పు.

నివేదిక వచ్చిన తరువాత చూస్తే, ఒక ఫైనాన్సు కంపెనీ వద్ద ఆయన పేరున 60,000 రూపాయల అప్పు ఉంది. మూడు వాయిదాలు కట్టలేదు. ఆయన కుమారుడు డిగ్రీ పూర్తి చేసి, అమీర్‌పేటలో హాస్టలులో ఉంటూ కంప్యూటరు కోర్సులో చేరాడు. మైత్రీవనం చుట్టుపక్కల అటువంటి శిక్షణ సంస్థల బోర్డులు చూడని వారు మనలో తక్కువ. "ఫీజు ఒకేసారి కట్టనక్కరలేదు, నెలకు ఐదు వేలు చాలు" అని సంస్థవారు చెప్పారు. పిల్లవానికి సంపాదన లేదు కనుక తండ్రి పాన్ కార్డు, ఆధార్ అడిగారు. ఆయన పాలు పితుకుతున్న వేళ ఫోనుకు ఒక నంబరు వచ్చింది, కొడుకు అడిగితే చదివి చెప్పారు. అంతటితో అప్పు పుట్టింది.

కొన్ని నెలలకు శిక్షణ సంస్థ తలుపులు మూసింది. చెప్పని చదువుకు ఫీజు ఎందుకు కట్టాలని కుమారుడు వాయిదాలు ఆపివేశాడు. అతని దృష్టిలో అది న్యాయమే. కాని ఫైనాన్సు కంపెనీ మొత్తం సొమ్మును సంస్థకు మొదటి రోజునే చెల్లించి ఉంది. కంపెనీ లెక్కలో అది ఫీజు కాదు, తండ్రి తీసుకున్న అప్పు.

తండ్రీ కొడుకులను వెంటబెట్టుకొని పంజాగుట్టలోని ఆ కంపెనీ కార్యాలయానికి వెళ్ళాను. అమీర్‌పేట నుండి మెట్రోలో తరువాతి స్టేషనే. అక్కడి గుమాస్తా, కొంత తగ్గించి కట్టండి, ఖాతా సెటిల్ చేస్తామన్నాడు. ఆయన ఆశపడ్డారు. నేను వద్దన్నాను. తగ్గించి కట్టిన ఖాతా పక్కన "సెటిల్డ్" అనే మాట చేరుతుంది. తరువాత అప్పు ఇవ్వబోయే వారు దానిని పూర్తిగా తీర్చని బాకీగా చదువుతారు. చివరకు బకాయి 15,000 రూపాయలు, దానిపై ఖర్చులు కట్టి రసీదు తీసుకున్నారు. మిగిలిన వాయిదాలు తేదీ తప్పకుండా కట్టారు. శిక్షణ సంస్థ నుండి సొమ్ము రాబట్టుకోవడానికి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫిర్యాదు చేశారు. ఆ వ్యవహారం ఇంకా నడుస్తూనే ఉంది. బ్యాంకు కొన్ని నెలల తరువాత ఒక గేదెకు మంజూరు ఇచ్చింది. రెండవ గేదె ఇంకా రాలేదు.

పంజాగుట్ట ఫ్రిజ్

ఇదే సమయంలో మరొక మహిళా సభ్యురాలి మార్కు కూడా తగ్గింది. ఆమె కూతురి పెళ్ళికి పంజాగుట్టలోని ఒక దుకాణంలో వాయిదాల పద్ధతిపై ఫ్రిజ్ కొన్నారు. పది వాయిదాలూ కట్టారు. రసీదులన్నీ పాల పాసుపుస్తకం మధ్య పెట్టి భద్రపరిచారు. నివేదికలో మాత్రం ఆ ఖాతా ఇంకా తెరిచి ఉన్నట్లు, చివరి వాయిదా రానట్లు ఉంది. ఆమె రసీదులు జతపరచి అభ్యంతరం పంపారు. నెల తిరగకుండా సరిచేశారు.

ఇద్దరి మార్కూ పడింది. ఒకరు కట్టవలసి వచ్చింది, మరొకరు కట్టవలసింది ఏమీ లేదు, అడగవలసి వచ్చింది. మొదటిది మేతలో లోపం, రెండవది శాంపిలు సీసాలో పొరపాటు. ఏది ఏదో నివేదిక చూడనిదే తెలియదు. ఈ పాఠం మొత్తానికి గుర్తుంచుకోవలసిన సంగతి ఇది ఒక్కటే.

మార్కు ఎవరు వేస్తారు?

2005లో పార్లమెంటు చేసిన పరపతి సమాచార కంపెనీల చట్టం క్రింద, రిజర్వు బ్యాంకు అనుమతితో నాలుగు కంపెనీలు పనిచేస్తున్నాయి. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. వీటిలో మొదటిదాని పేరే ఊళ్ళలో "సిబిల్"గా వాడుకలోకి వచ్చింది. బ్యాంకులు, సహకార బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు మన అప్పుల లెక్కను వీటికి పంపుతాయి. 2025 జనవరి 1 నుండి కనీసం పదిహేను రోజులకొకసారి పంపాలని నియమం వచ్చింది. అందువల్ల వాయిదా తప్పిన సంగతి ఇప్పుడు త్వరగా పైకి తేలుతుంది. తిరిగి కట్టిన సంగతి కూడా అలాగే తేలుతుంది.

మార్కు 300 నుండి 900 వరకు ఉంటుంది. ఇంత మార్కు ఉంటేనే అప్పు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఏ అంకెనూ నిర్ణయించలేదు. అది ఆయా బ్యాంకు ఇష్టం. ఇంతవరకు అప్పే తీసుకోని వారికి మార్కు ఉండదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవారి దరఖాస్తును త్రోసిపుచ్చరాదని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు సూచించింది.

మార్కు తగ్గడానికి సాధారణ కారణాలు

1. వాయిదా గడువు దాటడం. సొమ్ము చిన్నదైనా ఇది పెద్ద కారణం. మన సభ్యులలో నేను తరచు చూసేది ఏమంటే, వాయిదా ప్రతి నెల 5వ తేదీన ఖాతా నుండి కోసుకుంటారు, పాల బిల్లు 7వ తేదీన జమ అవుతుంది. సొమ్ము ఉన్న మనిషే రెండు రోజుల తేడాతో నెల నెలా ఎగవేతదారు అవుతాడు. బ్యాంకు జరిమానా దీనికి అదనం. వాయిదా తేదీ మార్చమని అప్పు ఇచ్చినవారిని వ్రాతపూర్వకంగా అడగాలి.

2. కిసాన్ క్రెడిట్ కార్డును ఏటా కట్టి తిరిగి వ్రాయించకపోవడం. 2019 నుండి ఈ కార్డు పాడి పశువుల పోషణకు కూడా వర్తిస్తున్నది. 2025–26లో నిర్ణీత పరిమితి వరకు వడ్డీ 7 శాతం. సకాలంలో తీర్చినవారికి రాయితీ పోను 4 శాతం. గడువు దాటితే రాయితీ పోతుంది, మార్కూ పోతుంది.

3. మాఫీ వస్తుందని ఆగడం. మన రాష్ట్రంలో 2024 జూలై, ఆగస్టు నెలల్లో మూడు విడతలుగా రెండు లక్షల రూపాయల వరకు పంట రుణాల మాఫీ జరిగింది. అంతకు ముందు గడువు దాటిన రోజులు లెక్కలో ఉంటాయి. మాఫీ అయిన ఖాతా నివేదికలో ఏమని నమోదైందో చూసుకోవాలి.

4. హామీ సంతకం. తోటి సభ్యునికి హామీ ఉంటే ఆ అప్పు మన నివేదికలో కూడా కనిపిస్తుంది. అతడు ఆపితే మన మార్కు తగ్గుతుంది.

5. ఒకే నెలలో నాలుగైదు చోట్ల అప్పుకు దరఖాస్తు పెట్టడం, క్రెడిట్ కార్డు పరిమితి చివరి వరకు వాడడం.

6. పొరపాటు లేదా మోసం. తీరిన అప్పు తీరనట్లు ఉండడం, ఒకే పేరు గలవారి లెక్కలు కలిసిపోవడం, మన పాన్ కార్డుతో ఇతరులు అప్పు తీసుకోవడం.

వరుసగా చేయవలసిన పనులు

మొదటి పని, నివేదిక తెప్పించడం. నాలుగు కంపెనీలలో ప్రతి ఒక్కటీ సంవత్సరానికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. కంపెనీ వెబ్‌సైట్‌లోనే తీసుకోవచ్చు. చదువుకున్న పిల్లల సహాయం తీసుకోండి, ఇంటర్నెట్ సెంటరులో మీ పాన్, ఫోను నంబరు వదిలి రావద్దు. బ్యాంకు దరఖాస్తును తిరస్కరిస్తే, వారు చూసిన నివేదిక ప్రతిని అడిగే హక్కు చట్టంలోని 21వ సెక్షను మనకు ఇచ్చింది. స్వల్ప రుసుము ఉండవచ్చు.

రెండవ పని, ఒక్కొక్క ఖాతా చదివి గుర్తు పెట్టడం. ఇది నాదేనా? బాకీ నిజమా? గడువు దాటిన రోజులు ఏ నెలలో మొదలయ్యాయి? మూతబడిన అప్పు మూతబడినట్లు ఉందా?

మూడవ పని, బాకీ నిజమైతే పూర్తిగా కట్టి, రసీదు, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోవడం. వాయిదాలు మిగిలి ఉంటే తేదీ తప్పకూడదు. గడిచిన ఎగవేత వెంటనే చెరిగిపోదు, మూడు సంవత్సరాల నెలవారీ లెక్క నివేదికలో కనబడుతుంది. కాని కొత్తగా చేరే ప్రతి మంచి నెలా మార్కును మెల్లగా లేపుతుంది. వట్టిపోయిన గేదె ఒక్క రోజులో పాలకు రాదు.

నాల్గవ పని, బాకీ తప్పైతే అభ్యంతరం పంపడం. కంపెనీకి, అప్పు ఇచ్చిన సంస్థకు ఇద్దరికీ వ్రాసి, రసీదులు జతచేసి, ఫిర్యాదు నంబరు దాచుకోవాలి. 30 రోజులలో పరిష్కరించాలి. 2024 ఏప్రిల్ 26 నుండి, ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం అమలులో ఉంది. అప్పటికీ జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరుకు ఫోను చేస్తే విధానం చెబుతారు. మోసం జరిగితే పోలీసు ఫిర్యాదు ప్రతి కూడా జతపరచాలి.

ఐదవ పని, బ్యాంకులో ఇప్పటి ఫోను నంబరు నమోదు చేయించడం. ఎవరైనా మన నివేదిక చూస్తే మనకు సందేశం రావాలి. పాత నంబరు ఉంటే ఆ సందేశం ఇంకెవరికో పోతుంది.

చేయకూడని పనులు

వారం రోజుల్లో మార్కు పెంచుతామని సొమ్ము అడిగేవారిని నమ్మవద్దు. నిజమైన బాకీని చెరపడం ఎవరి తరమూ కాదు, తప్పును సరిచేయించడానికి ఎవరికీ రుసుము ఇవ్వనక్కరలేదు. పాత వాయిదా కట్టడానికి ఫోను యాపుల్లో కొత్త అప్పు తీసుకోవద్దు. అటువంటి యాపుల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకోగా, 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసిన సంగతి మనకు తెలిసినదే.

ఫోనుకు వచ్చిన నంబరు చెప్పడమంటే వేలిముద్ర వేయడమే. చెప్పే ముందు, ఇది ఫీజా, అప్పా అని అడగండి. అప్పైతే, ఇచ్చే సంస్థ పేరు, వడ్డీ, మొత్తం ఖర్చు చూపే ముఖ్య వివరాల పత్రాన్ని మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. కొడుకు అడిగినా ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు. చదువుకు పిల్లలను నగరానికి పంపే తల్లిదండ్రులు వారికి ముందే ఈ మాట చెప్పి పంపాలి.

సంఘాలకు మనవి

పాల బిల్లు జమ అయ్యే తేదీలను నోటీసు బోర్డుపై ముందుగా వ్రాయండి. కొత్త గేదెల అప్పులకు దరఖాస్తులు పంపే ముందు, ప్రతి సభ్యుడు తన నివేదిక చూసుకున్నాడా అని అడగండి. ఒకరి నివేదికను మరొకరి ముందు చదవవద్దు. అది అతని ఇంటి విషయం.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సభ్యులలో ఎందరి వాయిదా తేదీ పాల బిల్లు కంటే ముందు పడుతున్నది?
2. సెటిల్ చేసిన ఖాతాకు, పూర్తిగా తీర్చిన ఖాతాకు తేడా ఏమిటి?
3. పైన చెప్పిన ఇద్దరు సభ్యుల విషయంలో, నివేదిక చూడకుండానే ఇద్దరూ బాకీ కట్టి ఉంటే ఎవరు నష్టపోయేవారు? ఇద్దరూ అభ్యంతరం పంపి ఊరుకుంటే ఎవరు నష్టపోయేవారు?