‘బ్రౌన్’ నామము – అర్థనిర్ణయ విచారము

నానార్థ పదమునకు అర్థము నిర్ణయించుటకై భర్తృహరి వాక్యపదీయమున సంయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము, దేశము, కాలము మున్నగు హేతువులను పేర్కొనినాడు. లక్ష్మణునితో కూడి చెప్పినపుడు రాముడు దాశరథి. కార్తవీర్యార్జునునితో విరోధము తోచినపుడు భార్గవుడు. కావున ఈ హేతువులు వ్యక్తినామములకును వర్తించును. ఆంగ్లేయుల ఇంటిపేరగు ‘బ్రౌన్’ను ఉదాహరణముగా గొని ఈ విషయమును పరిశీలింతము.

తెలుగువారి ఇంటిపేళ్లలో పెక్కు గ్రామనామముల నుండి ఏర్పడినవి. బ్రౌన్ అనునది గోధుమవన్నెను తెలుపు విశేషణము. జుట్టు రంగునో మేనిచాయనో బట్టి వచ్చిన పిలుపు వంశనామమైనది. అట్టి పిలుపు ఏ ఊరనైనను పుట్టవచ్చును గనుక పరస్పర సంబంధము లేని అనేక కుటుంబములకు ఈ పేరు కలిగినది.

తెలుగున బ్రౌన్ అన్నంతనే స్ఫురించువాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884). వేమన పద్యములను 1829లో ఆంగ్లానువాదముతో ముద్రించి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలయించినవాడు. ఫోర్టు విలియం కళాశాల తొలినాళ్ల ప్రసక్తిలో బ్రౌన్ అనగా ఆయన తండ్రి డేవిడ్. ఇచట కాలము నిర్ణాయకము. సౌందర్యలహరిని 1958లో ఆంగ్లానువాదముతో ప్రకటించినవాడు అమెరికా పండితుడు నార్మన్ బ్రౌన్. భారతీయ వాస్తుచరిత్రకారుడు పెర్సీ బ్రౌన్. ఇచట ప్రకరణము నిర్ణాయకము. బ్రౌన్ చలనమునకు పేరిచ్చినవాడు, 1827లో పుప్పొడి నుండి వెలువడిన కణముల కదలికను నీటిలో గమనించిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయమునకు 1804లో దాత నికొలస్ బ్రౌన్ పేరిడిరి. టెక్సాసులోని బ్రౌన్స్‌విల్ పట్టణనామము 1846లో యుద్ధమున మరణించిన జేకబ్ బ్రౌన్‌ను స్మరింపజేయును. స్విట్జర్లాండున 1891లో విద్యుద్యంత్ర సంస్థను నెలకొల్పిన వేరొక చార్లెస్ బ్రౌన్‌ను ‘బొవేరి’ అను భాగస్వామి నామ సాహచర్యమే తెలుపును.

ఈ హేతువులకు పూర్వమే లిపివలన ఒక చిక్కు కలుగుచున్నది. పారశీక సాహిత్య చరిత్రకారుడగు ఎడ్వర్డ్ బ్రౌన్ పేరు చివర ‘ఇ’ అను అక్షరమధికము. 1909లో నోబెల్ బహుమానమందిన జర్మను శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ బ్రౌన్ పేరునకు వర్ణక్రమమే వేరు. తెలుగు లిపిలో అన్నియు ఏకరూపములే.

వేమన విచారమున ‘బ్రౌన్ అభిప్రాయము’ అని వ్రాసినను ప్రకరణబలమున అర్థము స్థిరపడును. ఆ వాక్యమే సూచికలోనికెక్కినపుడు ప్రకరణము తొలగును. ఒకరి కృషి వేరొకరి ఖాతాలో పడును. కావున పరిశోధకులు ప్రథమ ప్రస్తావనమున పూర్ణనామమును, జీవితకాలమును, సూచికలందు మూలవర్ణక్రమమును తప్పక చూపవలెను. కర్తృత్వ నిర్ణయమునకు ఇది కనీస ధర్మము.