మన అన్న శిష్యులే "ఇదెందుకు?" అంటే: 1897లో స్వామీజీ ఏం చేశారు

స్వామి వివేకానంద మీద చేసిన వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన భాగం ఇది. నిజం చెప్పాలంటే చికాగో కన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం. చికాగోలో ఎదురుగా ఉన్నది కొత్తవాళ్లు. కలకత్తాలో ఎదురుగా కూర్చున్నది ఆయన్ని నరేన్ అని పిలిచేవాళ్లు. ఒకే గురువు దగ్గర పెరిగి, గురువు పోయాక బారానగర్‌లో పాడుబడ్డ ఇంట్లో కలిసి పస్తులున్నవాళ్లు. అలాంటివాళ్లని ఒప్పించడం చాలా కష్టం అండి. మన భజన బృందంలోనో, గుడి కమిటీలోనో కొత్త సేవ మొదలుపెడదామని అడిగి చూసినవాళ్లకి ఇది తెలుసు.

1897 మే 1. బాగ్‌బజార్‌లో బలరామ్ బోస్ గారి ఇల్లు. సన్యాసులు, గృహస్థ భక్తులు అందరూ వచ్చారు. ఒక సంఘం పెట్టి, ఊరూరా చదువు, వైద్యం, కరువు సాయం చేద్దామని స్వామీజీ ప్రతిపాదించారు. అదే రామకృష్ణ మిషన్‌కి మొదలు. స్వామి యోగానందకి మాత్రం ఒక అనుమానం వచ్చింది. ఇది ఠాకూర్ చూపిన దారేనా, విదేశాల్లో చూసొచ్చిన పద్ధతా అని సూటిగా అడిగారు.

ఇక్కడ చాలామంది యోగానందని అడ్డుపుల్ల వేసిన మనిషిలా చూపిస్తారు. నాకు అది నచ్చదు. ఆ ప్రశ్నలో పస ఉంది. శంభు మల్లిక్ అనే భక్తుడు ఆసుపత్రులు కట్టిస్తానంటే, దేవుడు ఎదురుగా నిలబడితే ఆసుపత్రులు కావాలని అడుగుతావా అని రామకృష్ణులే అన్నారు కదా! ముందు భగవంతుడు, మిగతావన్నీ తర్వాత అనే మాట ఆ శిష్యులంతా చెవులారా విన్నారు.

స్వామీజీ కూడా గురువు మాటలోనే జవాబు వెతుక్కున్నారు. 1884లో దక్షిణేశ్వరంలో ఠాకూర్, జీవుల మీద దయ చూపడానికి నువ్వెవరు, శివుడనుకుని సేవ చెయ్యి అన్నారు. ఆ రోజు అది చాలామంది విన్నారు, పట్టుకున్నది నరేంద్రుడు. తర్వాత కాశీపూర్‌లో, ఎప్పుడూ సమాధిలోనే ఉండిపోతానని నరేంద్రుడు అడిగితే గురువు మందలించారు. నువ్వు పదిమందికి నీడనిచ్చే మర్రిచెట్టు అవుతావనుకున్నాను, నీ ముక్తి కోసమే చూసుకుంటావా అని. అంటే స్వామీజీ నాకో ఐడియా వచ్చింది అనలేదు. మనందరి గురువు ఆస్తి ఇది, ఇందులో ఈ భాగం కూడా ఉంది అన్నారు. పైగా ఠాకూర్ భావాలు అనంతం, వాటిని మన కొలతల్లో ఇరికించలేం అన్నది ఆయన వాదన.

ఇదంతా ఒక్క మీటింగ్‌లో తేలింది అనుకోవద్దు. 1894 నుంచే అమెరికాలో కూర్చుని ఉత్తరాలు రాస్తూ వచ్చారు. మ్యాపులు, గ్లోబులు పట్టుకుని సన్యాసులు ఊళ్లకి వెళ్లి పేదలకి చదువు చెప్పాలని రామకృష్ణానందకి రాశారు. మన భాషలో చెప్పాలంటే, రివ్యూకి మూడేళ్ల ముందే డ్రాఫ్ట్ అందరికీ పంపేశారు.

అఖండానంద అప్పుడే ఖేత్రీలో చదువు పని అందుకున్నారు. బలరామ్ ఇంట్లో మీటింగ్ అయిన రెండు వారాలకే ముర్షిదాబాద్ జిల్లా మహులాలో కరువు సాయం మొదలుపెట్టారు. ఆకలితో ఉన్నవాళ్లకి బియ్యం అందుతుంటే, ఇది సాధనా కాదా అనే చర్చ బలం తగ్గుతుంది. నా ఉద్దేశంలో ఏ ప్రసంగం కన్నా అది పెద్ద జవాబు.

రామకృష్ణానంద కథ వేరు. గురువు పూజ వదిలి పదేళ్లకి పైగా మఠం దాటని మనిషి ఆయన. స్వామీజీ అడిగితే 1897లోనే మద్రాసు వెళ్లారు. మన తెలుగువాళ్లకి అప్పటి పెద్ద సిటీ అదే కదా. పూజ మానెయ్యమని ఆయన్నెవరూ అనలేదు. అక్కడా గురువు పటం పెట్టి అదే నిష్ఠతో పూజ చేశారు, పక్కనే ఊరంతా తిరిగి క్లాసులు చెప్పారు.

ఒకసారి గురుభాయి ఒకరు మళ్లీ విమర్శిస్తే, స్వామీజీ వాదిస్తూ వాదిస్తూ గొంతు పూడుకుపోయి లోపలి గదిలోకి వెళ్లిపోయారట. వెళ్లి చూస్తే కళ్ల నీళ్లు కారుతుండగా ధ్యానంలో ఉన్నారు. ఆయన భక్తి ఎంత లోతో వాళ్లకి అప్పుడు కనిపించింది. ఆ తర్వాత పెద్దగా వాదనలు లేవు. దయచేసి దీన్ని టెక్నిక్‌లా వాడకండి! ఏడిస్తే ఒప్పుకుంటారని కాదు, ఆయన దాచుకున్నది బయటపడింది, అంతే.

అందరూ పనిలోకి వచ్చారా అంటే, రాలేదు. లాటూ మహరాజ్ అని పిలుచుకునే అద్భుతానందకి సంస్థ, రూల్స్ పడవు. తెల్లవారుజామున గంట కొట్టగానే అందరూ ధ్యానానికి రావాలని స్వామీజీ రూల్ పెడితే, గంట కొడితే నా మనసు కూర్చోదు అని మూట కట్టుకుని బయల్దేరారు. స్వామీజీ ఆపి, ఆ రూల్ కొత్తవాళ్లకి, నీకు కాదు అన్నారు. తన పనిలో చేరని అన్నని తనవాడు కాదని అనలేదు.

మరి ప్రశ్న అడిగిన యోగానంద సంగతి? కలకత్తా శాఖకి బ్రహ్మానంద అధ్యక్షుడు, యోగానంద ఉపాధ్యక్షుడు. 1901లో బేలూరు మఠం ట్రస్ట్ రాసినప్పుడు కూడా పగ్గాలు గురుభాయిల చేతికే ఇచ్చారు. అధ్యక్షుడు బ్రహ్మానంద, స్వామీజీ కాదు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఎనిమిదేళ్లు.

మీ బృందంలో అడ్డు చెప్తున్న పెద్దాయన ఉంటే, ఈ వారం ఆయన దగ్గరికెళ్లి మీ ప్లాన్ చెప్పకండి. ఆయన భయం ఏంటో అడిగి, పూర్తిగా వినండి. వచ్చే వీడియోలో అఖండానంద గారి సారగాఛి ఆశ్రమం గురించి మాట్లాడుకుందాం.