గొంతు మారిన ఆవు

తెల్లవారింది. కొట్టంలో ఆవు అరిచింది. ఎప్పటిలాగా "అంబా" అని అరవలేదు. గొంతు బొంగురుపోయింది. రాత్రి నుంచి ఆపకుండా అరుస్తూనే ఉంది. నోటి నుంచి చొంగ కారుతోంది. కుడితి పెడితే తాగలేదు.

"గొంతులో ఏదో అడ్డం పడింది" అన్నాడు మామ. చొక్కా చేయి పైకి మడిచాడు. ఆవు నోట్లో చేయి పెట్టబోయాడు.

"మామా, ఆగండి!" అంది కోడలు. "నెల కిందట మన వీధిలో పిచ్చికుక్క తిరిగింది కదా! దీన్ని కరిచిందేమో. పశువుల డాక్టరు వచ్చేదాకా చేయి పెట్టకండి."

మామ ఆగిపోయాడు.

డాక్టరు వచ్చి చూశాడు. "ఇది పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే రేబిస్ రోగంలాగే ఉంది. చేయి పెట్టకపోవడం మంచిదయింది" అన్నాడు. నాలుగో రోజున ఆవు చచ్చిపోయింది. ఇంటిల్లిపాదీ ఏడ్చారు.

ఆవు గొంతు ఎందుకు మారింది? అసలు అరుపు ఎలా పుడుతుంది?

అరుపు పుట్టే చోటు

మీ గొంతు మీద రెండు వేళ్లు ఆనించండి. "అమ్మా" అనండి. వేళ్లకు అదురు తెలుస్తుంది. గొంతులో స్వరపేటిక ఉంది. అందులో రెండు మెత్తని పొరలు ఉంటాయి. ఊపిరితిత్తుల నుంచి గాలి పైకి వస్తుంది. పొరలు దగ్గరికి చేరతాయి. వాటి మధ్య నుంచి గాలి తోసుకుపోతుంది. అప్పుడు పొరలు అదురుతాయి. సన్నాయి ఊదితే పీక అదురుతుంది చూడండి, అలాగే. ఆ అదురే అరుపు. ఆవుకూ, మేకకూ, కుక్కకూ, మనకూ ఇదే పద్ధతి. పొరలు పెద్దవైతే గొంతు లావుగా ఉంటుంది. చిన్నవైతే సన్నగా ఉంటుంది.

పిల్లి రెండు రకాలుగా పలుకుతుంది. నోరు తెరిచి మూస్తూ "మ్యావ్" అంటుంది. పిల్లికూన తల్లి కోసం అలా అరుస్తుంది. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి అలా అనుకోవడం తక్కువ. పాల కోసం మనల్నే అలా అడుగుతాయి. ఒళ్లో పడుకుంటే నోరు మూసుకునే గురగురమంటుంది. ఊపిరి పీల్చేటప్పుడూ, వదిలేటప్పుడూ ఆ చప్పుడు వస్తుంది. దాని గొంతు పొరలు సెకనుకు 25, 30 సార్లు అదురుతాయి. సుఖంగా ఉన్నప్పుడే కాదు, జబ్బు చేసినప్పుడు కూడా పిల్లి గురగురమంటుంది.

కోడిపుంజు గొంతు వేరే చోట ఉంది. దాని ఊపిరి గొట్టం కింద రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర కూత పుడుతుంది. వానాకాలంలో బెకబెకమనేది మగకప్ప. గొంతు కింద తిత్తిని గాలితో ఉబ్బించి అరుస్తుంది. కీచురాయికి గొంతే లేదు. రెక్కలు రుద్ది చప్పుడు చేస్తుంది.

మళ్లీ ఆవు దగ్గరికి

పిచ్చికుక్క కరిస్తే రోగక్రిమి నరాల వెంట మెదడుకు పాకుతుంది. గొంతు కండరాలు పట్టు తప్పుతాయి. పశువు మింగలేదు. అందుకే చొంగ కారుతుంది. గొంతు పొరలు సరిగా కదలవు. అందుకే అరుపు బొంగురుపోతుంది. ఆ చొంగలో రోగక్రిమి ఉంటుంది. మన చేతికి చిన్న గీత ఉన్నా చాలు, లోపలికి పోతుంది. మనిషికి రోగం బయటపడ్డాక బతకడం దాదాపు ఉండదు. ముందే సూదులు వేయించుకుంటే భయం లేదు.

గుర్తుంచుకోండి

1. పశువు గొంతు మారి, చొంగ కారుతుంటే నోట్లో చేయి పెట్టకండి. విడిగా కట్టేయండి. డాక్టరుకు చెప్పండి.
2. కుక్క గానీ, పిల్లి గానీ కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా వెంటనే సబ్బుతో కడగండి. ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకండి.
3. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇప్పుడు బొడ్డు చుట్టూ సూదులు లేవు. చేతికే వేస్తారు. డాక్టరు చెప్పిన సూదులన్నీ వేయించుకోవాలి. మధ్యలో మానకూడదు.
4. పెంపుడు కుక్కకు, పిల్లికి ఏటా టీకా వేయించండి. పశువును కుక్క కరిస్తే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జవాబులు చెప్పండి

1. మామను కోడలు ఎందుకు ఆపింది?
2. ఆవు గొంతు ఎందుకు బొంగురుపోయింది?
3. కుక్క కరిస్తే మొదట ఏం చేయాలి?
4. మీ ఇంటి పశువు అరుపు ఎప్పుడైనా మారిందా? అప్పుడు మీరేం చేశారు? నాలుగు మాటల్లో రాయండి.