మళ్ళీ మొలిచే అంగం

బల్లి తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది. సాలమాండర్ అనే ఉభయచరానికి కాలు సైతం తిరిగి వస్తుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు లజారో స్పల్లంజాని 1768లోనే ఈ సంగతిని లోకానికి వెల్లడించాడు. కోడికి గాని, మనిషికి గాని ఆ భాగ్యం లేదు. అంగాన్ని నిర్మించే జన్యువులు లేకనా? ఉండీ పనిచేయకనా? ఈ ప్రశ్నకు కోడిపిండం కొంత సమాధానమిచ్చింది.

గుడ్డును పొదగడం మొదలైన మూడవ రోజున పిండం పార్శ్వభాగంలో రెక్క ఒక చిన్న మొగ్గగా పొడచూపుతుంది. మొగ్గ కొనపై బాహ్యచర్మం దళసరి గట్టుగా ఏర్పడుతుంది. 1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ సాండర్స్ ఆ గట్టును తొలగించి పరిశీలించాడు. రెక్క అసంపూర్ణంగా నిలిచిపోయింది. గట్టును ఎంత త్వరగా తొలగిస్తే రెక్కలో అంత ఎక్కువ భాగం లోపించింది.

ఆ గట్టు నుండి వెలువడే ముఖ్యమైన సంకేతాలు ఫైబ్రోబ్లాస్ట్ వృద్ధి కారకాలని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఇవి ప్రోటీనులు. కణం ఉపరితలంపై ఉన్న గ్రాహకాలకు ఇవి అతుక్కోగానే, లోపల ఒక ప్రోటీను మరొకదానిని ప్రేరేపిస్తూ వార్తను కేంద్రకానికి చేరవేస్తుంది. అక్కడ కొన్ని జన్యువులు మేల్కొంటాయి. మరికొన్ని అణగి ఉంటాయి. జన్యువు మారదు, దాని క్రియాశీలత మారుతుంది.

ఈ సంకేతాలు రెండు వైపులా నడుస్తాయి. మొగ్గ లోపలి కణజాలం విడుదల చేసే ఎఫ్.జి.ఎఫ్-10, పైనున్న బాహ్యచర్మంలో ఎఫ్.జి.ఎఫ్-8 జన్యువును క్రియాశీలం చేస్తుంది. ఎఫ్.జి.ఎఫ్-8 తిరిగి లోపలి కణజాలంలో ఎఫ్.జి.ఎఫ్-10 ఉత్పత్తిని నిలబెడుతుంది. మొగ్గ కొన తెగినప్పుడు గట్టు కూడా పోతుంది. ఈ పరస్పర సంభాషణ ఆగిపోతుంది.

ఆగిన సంభాషణను తిరిగి ఆరంభించవచ్చునా? 1994లో పరిశోధకులు ఎఫ్.జి.ఎఫ్-2లో నానబెట్టిన సూక్ష్మమైన పూసను కోడిపిండపు తెగిన మొగ్గలో అమర్చారు. మామూలుగా మొలవని మొగ్గ తిరిగి పెరగసాగింది. 2003లో ఎలుక పిండాలపై జరిగిన పరిశోధన మరొక సాక్ష్యాన్ని అందించింది. వాటి వేలికొన తెగినా సహజంగానే మొలుస్తుంది. కాని ఎమ్.ఎస్.ఎక్స్-1 అనే జన్యువు లోపించిన పిండాలలో అది సరిగా మొలవలేదు. బి.ఎమ్.పి-4 అనే వృద్ధి కారకాన్ని బయటినుండి అందించగా ఆ లోపం తీరింది.

తెగిన చేతిని తిరిగి మొలిపించే చికిత్స మానవునికి నేటికీ అందలేదు. పిండకణాలలో ఉండే స్పందనాశక్తి వయసుతో పాటు తగ్గుతుంది. పైగా అదుపు తప్పిన వృద్ధి సంకేతం క్యాన్సరుకు దారితీయవచ్చు. అంగాన్ని కోల్పోయినవారికి ఈ విజ్ఞానం ఉపకరించాలంటే సంకేతాన్ని పుట్టించడంతో పాటు దానిని తగిన వేళకు ఆపడం కూడా తెలియాలి. పిండం ఈ రెండు పనులను తనంత తానే నిర్వహిస్తుంది. ఆ క్రమాన్ని గ్రహించడమే నేటి శాస్త్రజ్ఞుల ముందున్న కర్తవ్యం.