బోర్డు బస్సుకే ఉండాలె

ఎడపల్లి

బిడ్డా,

నీ మెసేజి చూసిన. ఫోన్‌ల టైపు చేసే ఓపిక లేక కంప్యూటర్ ముంగట కూసున్న, కాబట్టి జెర పొడుగైతది. మీ సైటుల పెట్టిన కీబోర్డు షార్ట్‌కట్లు ఎవ్వరూ వాడుతలేరని లెక్కలు చూపిస్తున్నయట, తీసేద్దామని మీ మేనేజరు అంటున్నడట. ఏం చెయ్యమంటవు పెద్దబాపూ అని అడిగినవు. తీసెయ్యకు. వద్దనుకుని వాడుతలేరా, ఉన్నయన్న సంగతే తెల్వక వాడుతలేరా, ముందు అది తేల్చుకో. రెండిటికీ చానా ఫరకున్నది.

నువ్వు చెప్పినదాన్ని బట్టి మీ షార్ట్‌కట్ల పట్టిక పేజీ అట్టడుగున 'సహాయం'ల ఉన్నది. అందులనన్నా మొదట్ల ఉన్నదా అంటే లేదు, పాస్‌వర్డు మర్చిపోతే ఏం చెయ్యాలె, ఫోటో ఎంత సైజుండాలె అన్నవన్నీ అయినంక ఉన్నది. ఎదురుంగ లైను కట్టి మనుషులు నిలబడితే, సేవా కేంద్రాలల్ల దరఖాస్తు నింపేటోళ్ళు ఆ పేజీ ఎప్పుడు తెరవాలె? బోధన్ పోయే బస్సుకు బోర్డు బస్సుకే ఉండాలె. డిపోల గోడకు తగిలించి, మీరు చూసుకోలేదంటే ఎట్ల?

నేను నీకు చెప్పదల్చుకున్నది ఇంతే బిడ్డా. షార్ట్‌కట్ అనేది పని పక్కనే కనబడాలె, పని చేసే ఘడియల కనబడాలె. ఎట్ల కనబడాలె అన్నదే మిగిలిన ఉత్తరం.

టైపు ఇన్‌స్టిట్యూట్ మూసి డీటీపీ పెట్టినప్పుడు పేజ్‌మేకర్‌ల పెండ్లి పత్రికలు, కరపత్రాలు చేసేటోన్ని, నీకు యాదికుండే ఉంటది. అను ఫాంట్లు, పక్కన టీ గ్లాసు. పేజ్‌మేకర్‌ను నాకు ఏ మాస్టరూ నేర్పలేదు. ఫోటో తెచ్చి పెట్టాలంటే ఫైల్ మెనూ తెరిచి 'ప్లేస్' అన్న మాట మీద నొక్కాలె. ఆ మాటకు కుడి దిక్కున, అదే వరుసల, కంట్రోల్ డి అని రాసి ఉండేది. మౌసుతోటి పోయినప్పుడల్లా కన్ను దాని మీద పడేది. కొన్ని దినాలకు చెయ్యి మౌసు దిక్కు పోవుడే మానేసింది. అక్షరం సైజు మార్చాలంటే కంట్రోల్ టి, పేరా సంగతి చూసుకోవాలంటే కంట్రోల్ ఎమ్, ఏదీ బట్టీ పట్టింది కాదు. చూసి చూసి ఒంటబట్టింది. ఆ మెనూ చేసినోడు మహానుభావుడు, కొత్తోనికీ పాతోనికీ ఒక్క వరుసలనే పని జరిపిచ్చిండు.

మీ వెబ్‌సైట్లు వచ్చి ఆ మెనూ వరుసను తీసేసినయి. అందం కోసం అంటరు. అందం పేరు మీద దాచుడు మీతోనే మొదలు కాలేదు లే. విండోస్‌ల మెనూ మాటల కింద ఒక్కో అక్షరానికి గీత ఉండేది, ఆల్ట్ పట్టి ఆ అక్షరం కొడితే పని అయ్యేది. విండోస్ 2000 నుంచి ఆల్ట్ నొక్కేదాక ఆ గీతలు కనబడకుండ చేసిన్రు. గీతలుంటయని తెలిసినోడే కదా ఆల్ట్ నొక్కేది! తెల్వనోడు ఎందుకు నొక్కుతడు? మళ్ళ ఆ విండోస్ వాళ్ళే ఆఫీస్ 2007ల ఇదే సంగతిని మంచిగ చేసిన్రు. ఆల్ట్ ఒక్కసారి నొక్కి వదిలితే పైన ఒక్కో బటన్ మీద ఒక్కో అక్షరం చిన్న చీటీల తేలుతది. ఏ అక్షరం కొడితే దాని లోపలి బటన్లకు చీటీలు వస్తయి. పట్టికకు పోయే పనే లేదు, తెర మీదనే పట్టిక. మీ సైటుల కూడ ఇట్లాంటిది పెట్టవచ్చు. కాకపోతే ఆల్ట్ నొక్కితే చీటీలు వస్తయని ఎక్కడనో ఒక్క మాట రాసి పెట్టు, లేకుంటే అదీ దాచిన సొమ్మే.

నిజామాబాద్ గంజ్‌ల ఏ అడ్తి దుకాణానికన్న పోయి చూడు. బయట పసుపు కొమ్ముల బస్తాలు దిగుతుంటయి, లోపల గుమాస్తా టాలీల లెక్కలు ఎక్కిస్తుంటడు. మౌసు ఓ మూలకు దుమ్ము పట్టి పడి ఉంటది. ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రిసీటు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. ఇంగ్లీషు అంతంత మాత్రమే వచ్చినోళ్ళు కూడ తడుముకోకుండ కొడతరు. ఎందుకంటె తెర కుడి పక్కన ఆ కీ, దాని పేరు జంటగ పొద్దంతా కనబడుతనే ఉంటయి. కీ కింద ఒక గీత ఉంటే ఆల్ట్‌తోటి కొట్టాలె, రెండు గీతలుంటే కంట్రోల్‌తోటి. 2020ల టాలీప్రైమ్ వచ్చినంక ఆల్ట్ జి కొట్టి, కావల్సిన రిపోర్టు పేరు టైపు చేసి నేరుగ పోవచ్చు. ఆ సంగతి కూడ తెర నెత్తి మీదనే రాసి ఉంటది. చూడనీకి టాలీ తెర ఇరుకిరుకే, మీ డిజైనర్లు చూస్తే మూతి తిప్పుతరు. అయినా నన్నడిగితే మన దిక్కు జనానికి కీబోర్డు నేర్పింది అదే.

ఇంత ఇరుకు అక్కర లేకుండ కూడ చెయ్యవచ్చు. యూట్యూబ్‌ల బొమ్మ కింద ఉన్న బటన్ మీద మౌసు పెట్టు. పేరు పక్కన ఒక అక్షరం కనబడుతది, ఆపుటానికి కె, చప్పుడు బంద్ చెయ్యనీకి ఎమ్, తెర నిండనీకి ఎఫ్. రెండు మూడు అక్షరాల జాగ, అంతే. తెలుగు వికీపీడియా కూడ చూడు. 'సవరించు' మీద మౌసు నిలిపితే ఏ కీలు కొట్టాలెనో చూపిస్తది, అదీ నువ్వు వాడే బ్రౌజరుకు తగ్గట్టు. ఎందుకంటె దాని వెనుక ఉన్న యాక్సెస్‌కీ అనే పద్ధతి 1997ల హెచ్‌టీఎమ్‌ఎల్ 4తోటి వచ్చింది గాని, విండోస్‌ల క్రోమ్‌కు ఆల్ట్, ఫైర్‌ఫాక్స్‌కు ఆల్ట్ షిఫ్ట్, మ్యాక్‌ల కంట్రోల్ ఆప్షన్, ఇట్ల ఒక్కొక్కరిది ఒక్కో దారి. బ్రౌజరు తనంత తానుగ ఏదీ చూపియ్యదు. వికీపీడియా వాళ్ళు ఆ భారం వాడేటోళ్ళ మీద పెట్టకుండ తామే మోసిన్రు. ఇంకోటి, అక్కడ రాసే డబ్బాల కర్సరు పెడితే చిన్న కీబోర్డు బొమ్మ వస్తది. దాన్ని తెరిస్తే తెలుగు నుంచి మామూలు కీబోర్డుకు మారే వరుస పక్కనే కంట్రోల్ ఎమ్ అని ఉంటది. నా పేజ్‌మేకర్ మెనూ లెక్కనే!

ఇగ మన ఊరి సంగతి. మొన్న పని మీద ఇక్కడి ఒక సేవా కేంద్రానికి పోయిన. కూసున్న పిల్ల నీ ఈడుదే. వాళ్ళ నాయిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీల చేసేటోడు, 2015 డిసెంబరుల అది మూతపడ్డంక ఇంటికి ఈ కుర్చీనే ఆధారం. దరఖాస్తుకు ఇంత అని వచ్చేదే సంపాదన. చెయ్యి మౌసు దిక్కు పోయి వచ్చిన ప్రతిసారీ ఎంతో కొంత ఆమె కూలిల నుంచి పోతున్నట్టే. అది ఏ సైటన్నది నీకెందుకు గాని, నేను చూసింది రాస్త.

ఊరు ఎంచుకునే డబ్బా వచ్చింది. జానకంపేట కావాలె. ఆ పిల్ల అలవాటుగ ఇంగ్లీషుల జె, ఏ, ఎన్ కొట్టింది. ఏం కదల్లేదు. మామూలు సెలెక్ట్ డబ్బా అయితే నేరుగ ఆ పేరు మీదికి దుంకేది, ఆ సౌలతు బ్రౌజరు పుణ్యానికే ఇస్తది. వీళ్ళు రంగుల కోసం సొంతంగ ఒక డబ్బా చేసి ఆ సౌలతును తుడిచేసిన్రు. మౌసు పట్టి, కిందికి జరుపుకుంట ఠాణాకలాన్ దాక పోయి, మళ్ళ పైకి వచ్చి జానకంపేటను పట్టుకున్నది. తర్వాత ట్యాబ్ కొట్టింది, కర్సరు ఎటు పోయిందో పత్తా లేదు. ఏ గడిల ఉన్నమో చూపే గీతను ఎవరో బాగ లేదని తీసేసిన్రు. బిడ్డా, నువ్వు కొత్త షార్ట్‌కట్లు కనిపెట్టేముందు ట్యాబ్, ఎంటర్, బాణం గుర్తులు పుట్టుకతోటి చేసే పనిని చెడగొట్టకుండ చూడు. సగం పుణ్యం అక్కడనే వస్తది.

అసలు తిప్పలు పేరు దగ్గర మొదలైనయి. పేరు తెలుగుల కొట్టాలె. ఆ పిల్ల ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు నేర్చుకున్నది, మంచి వేగం. పేరు కొట్టి, బయటికి వచ్చి, వెతుకుడు కోసం స్లాష్ కొట్టింది. ఆ సైటుల అది షార్ట్‌కట్టే, పక్కన రాసి కూడ ఉన్నది. పని చెయ్యలేదు. ఇన్‌స్క్రిప్ట్‌ల ఆ కీ 'య' బిడ్డా! కె కొడితే 'క', జె కొడితే 'ర'. సైటేమో స్లాష్ కోసం ఎదురు చూస్తుంటది, వచ్చేది 'య'. ఆ పిల్ల నా దిక్కు చూసి, "ఇది అప్పుడప్పుడు పని చేస్తది తాతా" అన్నది. తప్పు తెలుగు కీబోర్డు పెట్టుకుని పరీక్ష చెయ్యనోళ్ళది, అపనమ్మకం షార్ట్‌కట్ మీద పడ్డది. రెండుసార్లు ఉత్తగ పోయిన కీని మూడోసారి ఎవరూ కొట్టరు. మీ లెక్కలల్ల వాడుతలేరు అని కనబడేటోళ్ళల్ల ఇట్లాంటోళ్ళు ఎంతమంది ఉన్నరో చూసినవా?

మందు నీ చేతులనే ఉన్నది. కోడ్‌ల ఈవెంట్ కీ అనేదాన్ని చూస్తే పుట్టిన అక్షరం తెలుస్తది, ఈవెంట్ కోడ్‌ను చూస్తే ఏ మీట నొక్కిన్రో తెలుస్తది. మన దగ్గర కీబోర్డుల మీద అచ్చై ఉండేది ఇంగ్లీషు అక్షరాలే, ఆ పిల్ల కూడ చూసి కొట్టేది వాటినే. అందుకని మీటను చూసుడే నయం. ఫ్రాన్సు వాళ్ళ కీబోర్డుల అక్షరాల వరుస వేరే ఉంటది, అక్కడ ఇది కుదరదని మీ సీనియర్లు అనవచ్చు. మీ సైటు నింపేది బోధన్‌ల, ఆర్మూర్‌ల అని చెప్పు. ఇంకో మాట, కీబోర్డు మార్చనీకి మనోళ్ళు చానామంది ఆల్ట్ షిఫ్ట్ కొడతరు. మీ షార్ట్‌కట్ కూడ ఆల్ట్ షిఫ్ట్‌తోటే మొదలైతే, వేలు జెర ఆలస్యమైతే భాషే మారిపోతది.

ప్రశ్న గుర్తు కొడితే మొత్తం పట్టిక వచ్చే ఆచారం ఒకటున్నది, జీమెయిల్, గిట్‌హబ్ రెండిట్లనూ ఉన్నది. మంచిదే, పెట్టు. అయితే జీమెయిల్‌ల ఒంటి అక్షరాల షార్ట్‌కట్లు సెట్టింగులకు పోయి ఆన్ చేసుకుంటేనే నడుస్తయి. ప్రశ్న గుర్తు ఆచారం తెలిసినోళ్ళు కోడ్ రాసేటోళ్ళే ఎక్కువ, సేవా కేంద్రపు పిల్లకు ఎవరు చెప్తరు? దానికి తోడు కంటికి కనబడే బటన్ ఒకటి ఫారం పైననే పెట్టు, 'కీబోర్డు షార్ట్‌కట్లు' అని తెలుగుల. నొక్కితే వేరే పేజీకి పోకుండ పక్కకు తెరుచుకోవాలె, ఫారం నింపుకుంట చూసుకునేటట్టు. ముప్పై నలభై షార్ట్‌కట్లు పెట్టకు. సేవ్, తర్వాతి దరఖాస్తు, వెతుకుడు, ప్రింటు, ఇట్ల దినమంతా పదే పదే చేసేటివి చాలు.

ఒకే బటన్‌ను మౌసుతోటి మళ్ళ మళ్ళ నొక్కుతున్నరంటే, అప్పుడు ఒక్కసారి కింద చిన్న మాట చూపియ్యి, 'ఇదే పని ఈ కీతోటి అయితది' అని. చదివినా చదవకున్నా అదే పోవాలె, మళ్ళ రావద్దు. గల్మల నిలబడి అడ్డం తగిలే చుట్టం లెక్క చెయ్యకు. ఫోన్‌ల చూసేటోళ్ళకు ఇవేవీ చూపియ్యకు, కీబోర్డే లేనోళ్ళకు ఎందుకు?

చూపు లేనోళ్ళ సంగతి మర్చిపోకు. తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ వాడేటోళ్ళకు పేజీ చదివేటప్పుడు ఒంటి అక్షరాలు ముందే పనిల ఉంటయి, హెచ్ కొడితే హెడింగు, కె కొడితే లింకు. మీ ఒంటి అక్షరం వాళ్ళ దాక రానే రాదు. మాటతోటి కంప్యూటర్ నడిపేటోళ్ళకు ఇంకో కష్టం. మాట్లాడిన అక్షరాలే షార్ట్‌కట్లై ఏవేవో పనులు జరిగిపోతయి. అందుకే సైట్లు అందరికీ అందేటట్టు చెయ్యనీకి 2018ల వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1ల ఒక నియమం పెట్టిన్రు. ఒంటి అక్షరం షార్ట్‌కట్ పెడితే దాన్ని బంద్ చేసుకునే వీలన్న ఉండాలె, మార్చుకునే వీలన్న ఉండాలె, లేదంటే ఆ గడిల ఉన్నప్పుడే పనిచెయ్యాలె. మీ మేనేజరుకు నా మాట మీద గురి లేకుంటే ఈ నియమం చూపియ్యి. కోడ్‌ల ఏరియా కీషార్ట్‌కట్స్ అని ఇంకోటి ఉన్నది, ఏ పనికి ఏ కీ ఉన్నదో అది తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు చెప్తది. అయితే అది రాసినంత మాత్రాన కంటికి ఏం కనబడదు, షార్ట్‌కట్ పని కూడ చెయ్యదు. అది పెట్టినం కదా అని చేతులు దులుపుకునేటోళ్ళు ఉంటరు, జాగ్రత్త.

మేనేజరుతోటి కొట్లాడకు. రెండు నెలలు గడువు అడుగు. బటన్ల మీదనే కీలు రాసి, తెలుగు కీబోర్డు తిప్పలు తీర్చి, అప్పుడు లెక్కలు చూడుమను. అప్పటికీ ఎవరూ వాడకుంటే ఆయన మాటే నిజం, తీసెయ్యి.

దసరాకు వస్తవు గదా. ఒక పూట ఆ పిల్ల పక్కన కుర్చీ ఏసుకుని కూసో. ఏం చెప్పకు, నేర్పకు, ఉత్తగ చెయ్యి ఎటు పోతున్నదో చూడు. నేను ముందే మాట్లాడి పెడత. కొత్త ఫారం తయారైతే లింకు పంపు. మౌసు వైరు తీసేసి, ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుని మొదటి గడి నుంచి ప్రింటు దాక నింపి చూస్త. ఎక్కడ ఆగిపోతే అక్కడ తెర ఫోటో తీసి పంపుత, అర్ధరాత్రి అయినా సరే.

మీ బాపును బీపీ గోలీలు మానొద్దని నా మాటగ చెప్పు.

మీ పెద్దబాపు