చెరువులో చేప పంట: పంచాయతీ సభ్యులకు తొలి పాఠము

చెరువు నిండినదను వార్త వినగానే గ్రామమున ప్రతివారును తమ తమ పనిని తలంచుకొందురు. రైతు నాట్లను తలంచును. పశువుల కాపరి వేసవిలో మందకు నీరు దొరకునని సంతసించును. మత్స్యకారుడు మాత్రము అలుగు వైపు చూచును. అలుగు పొర్లిన దినమున ప్రవాహమునకు ఎదురెక్కు చేపలే అతనికి ఆనాటి కూడు. చిరకాలము మన చెరువులలోని చేప ఈ విధముగా దైవాధీనమైన పంటగానే యుండెను. విత్తువారు లేరు, కోయువారు మాత్రము పెక్కుమంది.

నేడు చేపను కూడ విత్తి పండింపవచ్చును. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ వలన చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో మత్స్య పరిశ్రమ యొకటి. కావున ఈ పంటను గూర్చిన మొదటి పాఠమును సభ్యులు నేర్చుకొనుట అవసరమని తలంచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

విత్తన మెచ్చటిది?

బొచ్చె, రోహు అని కూడ పిలువబడు శీలావతి, మోసు అను మూడు జాతులు మన మంచినీటి చేపలలో ముఖ్యమైనవి. ఇవి వానకాలమున పారు నదులలో గ్రుడ్లు పెట్టును గాని నిలువనీటి చెరువులలో సాధారణముగా పెట్టవు. అందుచేత పూర్వము నదులలో పిల్లలను పట్టి తెచ్చుటయే మార్గముగా నుండెను. 1957 జులై 10వ తేదీన ఒడిశాలో హీరాలాల్ చౌదురి, ఆయన సహచరులు చేప మెదడు క్రింది పీయూష గ్రంథి రసమును తల్లి చేపకు సూదిమందుగా ఇచ్చి, నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమునే నేడు జాతీయ మత్స్య రైతుల దినముగా జరుపుకొనుచున్నాము. మన చెరువులకు నేడు లభించుచున్న చేప విత్తనము చాలవరకు ఆ పద్ధతి నుండి పెరిగిన ఫలమే.

ఈ మూడింటిని కలిపి వేయుటలో ఒక యుక్తి కలదు. బొచ్చె నీటి పై పొరలోను, శీలావతి నడిమి పొరలోను, మోసు అడుగునను మేయును. ఒక ఇంటిలో మూడు అంతస్తులలో మూడు కుటుంబములు పోరు లేక బ్రతికినట్లు, ఇవి యొకదాని మేతకు మరియొకటి అడ్డు రాక పెరుగును. కాశ్మీరమునను, నీలగిరులలోను చల్లని ఏళ్లలో ట్రౌటు చేపను వదలి పెంచుచున్నారని విని కొందరు దానిని కోరుచున్నారు. అది చన్నీటి చేప. మన వేసవి చెరువులో బ్రతుకదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకము నిషిద్ధము. ఎవరు చవుకగా తెచ్చి ఇచ్చినను దానిని గ్రామములోనికి రానీయరాదు.

చెరువును సిద్ధపరచుట

పొలము దున్నక విత్తనము చల్లువారు లేరు గదా! చెరువునకును అట్టి సిద్ధము కావలెను. కొఱ్ఱమీను, వాలుగ వంటి చేపలు చిన్న పిల్లలను మ్రింగును. వేసవిలో నీరు తగ్గినపుడే వలలు మరల మరల లాగి వీనిని తీసివేయవలెను. తూమునకు, అలుగునకు, నీరు వచ్చు కాలువకు సన్నని జాలీలు అమర్చవలెను. జాలీ లేని అలుగు మీదుగా ఒక్క రాత్రి వానకు పంచాయతీ సొమ్మంతయు క్రింది చెరువునకు కొట్టుకొనిపోవును. జాలీలకు చెత్త అడ్డుపడి కట్టకు ముప్పు రాకుండ, వానదినములలో వానిని శుభ్రపరచుటకు ఒక మనిషిని నియమింపవలెను.

గుఱ్ఱపుడెక్క వంటి కలుపును తీసివేయవలెను. చిన్న కుంటలలో ఎకరమునకు సుమారు 80 నుండి 100 కిలోల సున్నము చల్లి, కొన్ని దినముల తరువాత పశువుల ఎరువు వేసినచో, నీటిలో చేప పిల్లలకు ఆహారమగు సూక్ష్మజీవులు వృద్ధియగును. జనులు త్రాగు నీటి చెరువున ఎరువు వేయనే రాదు.

పిల్లలను వదలుట

గ్రామములు ఎక్కువగా నష్టపోవునది ఇచ్చటనే. మధ్యాహ్నపు ఎండలో బండి వచ్చును, పెద్దలు వేచియుందురు, సంచులు కోసి పిల్లలను ఒక్కమారుగా నీటిలో గ్రుమ్మరింతురు, అందరును సంతోషముతో ఇండ్లకు పోవుదురు. మరునాడు తెల్లని పొట్టలు నీటిపై తేలుచుండును. తప్పు పిల్లలది కాదు, విత్తనము తెచ్చినవారిది కూడ కాకపోవచ్చును. సంచిలోని నీటి వేడికిని, చెరువు నీటి వేడికిని గల భేదమే వానిని చంపినది.

కావున పిల్లలను ఉదయమున గాని, సాయంకాలమున గాని వదలవలెను. మూతి విప్పని సంచిని పదునైదు, ఇరువది నిమిషములు చెరువు నీటిలో తేలనీయవలెను. పిదప మూతి విప్పి, చెరువు నీటిని దోసిళ్లతో కొంచెము కొంచెముగా సంచిలో పోయవలెను. ఆపైన సంచిని ప్రక్కకు వంచినచో పిల్లలు తమంతట తామే ఈదుకొని పోవును.

పిల్ల పరిమాణమును ముందుగా చూచుకొనవలెను. వేలెడు పొడవు, అనగా 80 నుండి 100 మిల్లీమీటర్లు గల పిల్లలు శత్రువులనుండి తప్పించుకొనగలవు. అంతకు చిన్నవి చవుకయే గాని చాలవరకు పెద్ద చేపల పాలగును. సంచులు దింపునపుడు ఇద్దరు సభ్యులు, మత్స్యకార సంఘము వారు దగ్గర నుండి రెండు మూడు సంచులలోని పిల్లలను లెక్కించి, ఆ లెక్కను పుస్తకమున వ్రాయవలెను. లెక్క లేని విత్తనమునకు పంట లెక్కయు ఉండదు.

కాచుకొను నెలలు

క్రొత్తగా వదలిన పిల్లలు కొన్ని దినములు ఆ దరినే తిరుగుట కలదు. ఆ దినములలో ఆ రేవున గాలముగాని, వలగాని వేయకుండ చాటింపు వేయింపవలెను. చిన్న కుంటలలో తవుడును, వేరుశనగ చెక్కను సమపాళ్లలో కలిపి, ప్రతి దినము ఒకే చోట, ఒకే వేళకు మేతగా వేయవచ్చును. మబ్బు పట్టిన దినములలో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండినచో, నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గ్రహించి మేతను, ఎరువును వెంటనే ఆపవలెను. వీలైనచో క్రొత్తనీరు పెట్టవలెను.

పట్టుటలో ఓర్పు

ఒక లెక్క చూడుడు. పది ఎకరముల చెరువున ఎకరమునకు వేయి చొప్పున పదివేల పిల్లలను వదలితిమనుకొందము. అందు నాలుగువేలు బ్రతికినవనుకొందము. అవి పావుకిలో ఉన్నపుడే వల వేసినచో దొరకునది 1,000 కిలోలు. ముప్పాతిక కిలో అగువరకు ఆగినచో అవే చేపలు 3,000 కిలోలు తూగును. నడుమనున్న రెండువేల కిలోలు ఓర్పునకు వచ్చిన కూలి. కాని ఆ ఓర్పు ఎవరిది? నిండు చెరువును చూచుచు, ఇంట పొయ్యి వెలుగక, వల ముట్టకుండ ఉండవలసినది మత్స్యకార కుటుంబము. ఆ నెలలలో వారికి ఉపాధి పనులు చూపుటయో, సంఘము ద్వారా చేబదులు ఇప్పించుటయో పంచాయతీ తలపెట్టవలెను. ఆకలితో ఉన్నవానికి ఓర్పును బోధించిన మాత్రమున ఫలము లేదు.

చేపలను ఒక్కదినమున ఊడ్చివేయక, పెద్ద కన్నుల వలతో ఎదిగినవానిని మాత్రము పట్టి, చిన్నవానిని విడువవలెను. దోమతెర వంటి వలలను చెరువులోనికి రానీయరాదు. మందు కలిపియు, ప్రేలుడు పదార్థములు వేసియు చేపలను పట్టుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరముగా నిర్ణయించినది. ఆ నీటినే మన పశువులు త్రాగునని మరువరాదు.

నీటి తగవు

చేప పంటకు కడపటి శత్రువు కొఱ్ఱమీను కాదు, తగవు. చివరి తడికి రైతు తూము ఎత్తుమనును. చేపలు చచ్చునని మత్స్యకారుడు వలదనును. ఈ మాట వేసవిలో పుట్టినచో కఱ్ఱల వరకు పోవును. కావున పిల్లలను వదలుటకు ముందే, వానకాలముననే, ఆయకట్టు రైతులను, మత్స్యకార సంఘమును ఒకచోట కూర్చుండబెట్టి, ఎంత లోతు నీరు మిగులునంతవరకు తూము తీయవచ్చునో తూము రాతిపై గీత గీయించి, తీర్మానము వ్రాసి ఉభయుల సంతకములు తీసికొనవలెను. కౌలు నియమములను మత్స్యశాఖ వారి నుండి తెలిసికొని అందరికిని చదివి వినిపింపవలెను.

రాబోవు సమావేశమున సభ్యులు ఈ అయిదు ప్రశ్నలను చర్చకు పెట్టుకొందురు గాక: మన చెరువున నీరు ఎన్ని నెలలు నిలుచును? అలుగునకు జాలీ ఉన్నదా? పిల్లలను లెక్కించువారెవరు? తూము గీత ఎచ్చట? వల వేయకుండ ఆగు నెలలలో మత్స్యకారుని ఇంట పొయ్యి ఎట్లు వెలుగును? ఈ అయిదింటికి సమాధానము దొరకిన పిమ్మట విత్తనమునకు దరఖాస్తు పెట్టుట మంచిది. సమాధానము దొరకనిచో ఒక ఏడు ఆగినను నష్టము లేదు. చెరువు ఎక్కడికిని పోదు.